వాళ్ల ఊరు, మా ఇల్లు, మన వీధి: పరాయి దేశంలో పెద్దల చదువు గురించి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. తప్పుగా అర్థం చేసుకుని ఉంటే దిద్దండి. కూకట్‌పల్లిలో ఒక డిగ్రీ కళాశాలలో ఆరేళ్లు కామర్స్ పాఠాలు చెప్పిన మీరు, పెళ్లయ్యాక భర్త ఉద్యోగం వల్ల స్టుట్‌గార్ట్ వెళ్లి ఎనిమిది నెలలైంది. జర్మన్‌లో ఏ2 స్థాయి దాటారు (యూరప్‌లో భాషా స్థాయిలను ఏ1, ఏ2, బీ1, బీ2 అంటూ సీ2 దాకా మెట్లుగా లెక్కిస్తారు), వారంలో ఐదు పూటలు ఇంటిగ్రేషన్ కోర్సుకు, అంటే వలస వచ్చినవాళ్లకు భాషనూ దేశాన్నీ పరిచయం చేసే ప్రభుత్వ కోర్సుకు వెళ్తున్నారు, అయినా ఆ ఊళ్లో మీరు ఇంకా చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలాగే ఉన్నారు. తన ఆఫీసులో అంతా ఇంగ్లిషే నడుస్తుంది కనుక భాషకు ఫోన్‌లో యాప్ చాలునని మీవారు అంటున్నారు. ఈ తరగతుల వల్ల ఆ దేశం ఎప్పటికైనా నాదవుతుందా, లేక ఇదంతా ఒక సర్టిఫికెట్ కోసం పడే తిప్పలేనా అని మీరు అడిగారు.

నేనెవరో చెప్పకుండా సలహా ఇవ్వడం మర్యాద కాదు. హైదరాబాద్‌లో స్థిరపడినదాన్ని. వయోజన విద్యా కార్యక్రమాల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను, అందులో కొన్నేళ్లు నెల్లూరు జిల్లా పల్లెల్లో రాత్రి బడుల మధ్య గడిచాయి. రిటైరయ్యాక కెనడాలో మా అమ్మాయి దగ్గర మూడు విడతలుగా ఉండి, అన్నేళ్లు బోధించినదాన్ని అక్కడ విద్యార్థినిగా కూర్చున్నాను. ఇప్పుడు నిజాంపేటలో ఒడిశా, బీహార్ నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసుకుంటున్న ఆడవాళ్లకు వారానికి రెండు సాయంత్రాలు తెలుగు నేర్పుతున్నాను. జర్మనీ వెళ్లబోయే నర్సులు కొందరు ప్రయాణానికి ముందు నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు, వెళ్లాక ఉత్తరాలు రాస్తూ ఉంటారు. ఈ సమాధానంలో సగం వాళ్లు నేర్పినదే.

మీరు రాసినదాన్ని రెండుసార్లు చదివాను. అందులో ‘వాళ్లు’, ‘వాళ్ల’ అనే మాటలు పదకొండు చోట్ల ఉన్నాయి: వాళ్ల భాష, వాళ్ల పద్ధతులు, వాళ్ల ఆదివారం. ‘మేము’ నాలుగు చోట్ల ఉంది, అది మీ ఇద్దరి గురించి. ‘మనం’ ఒక్కచోటే ఉంది, అది కూకట్‌పల్లి రైతుబజారు గురించి. తప్పు పట్టడానికి లెక్కపెట్టలేదు. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, వదిలిపెడితే మేము అనే తేడా తెలుగులో ఉంది. జర్మన్‌లోనూ ఇంగ్లిషులోనూ రెండింటికీ ఒకే మాట. అందువల్ల తెలుగువాళ్లం మన మనసు ఎక్కడ ఉందో మన వాక్యాల్లోనే సులభంగా పట్టుకోవచ్చు. నేను నా విద్యార్థుల సంగతిలో పరీక్ష మార్కుల కంటే దీన్నే ఎక్కువగా గమనిస్తాను.

సూటిగా చెబితే, తరగతి వల్ల భాష వస్తుంది, ‘మనం’ దానంతట అది రాదు. ఆ మాట నోటికి రావాలంటే మీరు ఒక రోజు కనబడకపోతే ‘ఏమైంది, రాలేదే’ అని అడిగే చోటు ఒకటి ఆ ఊళ్లో ఉండాలి, ఆ చోట మీ చేతి మీదుగా జరగవలసిన పని ఒకటి ఉండాలి. వలస వెళ్లిన పెద్దవాళ్లకు అలాంటి చోటు దొరకడానికి ఉన్న కొద్దిపాటి మార్గాల్లో తరగతి గది అన్నింటికంటే తేలికైనది, కాబట్టి మానవద్దు. యాప్ మాటలు నేర్పుతుంది, ఉచ్చారణ దిద్దుతుంది, అర్ధరాత్రి కూడా విసుక్కోదు; అయితే మీరు మూడు రోజులు తెరవకపోతే అది పంపే సందేశానికీ, పక్క బెంచీలో కూర్చునే సిరియా ఆవిడ ‘జ్వరం వచ్చిందా’ అని అడగడానికీ పోలిక లేదు.

ఇప్పుడు మీరు చేస్తున్న కోర్సు గురించి. జర్మనీ ప్రభుత్వం 2005 జనవరిలో వలస చట్టంతో పాటు దీన్ని మొదలుపెట్టింది. సాధారణ కోర్సులో 600 పీరియడ్లు భాష, 100 పీరియడ్లు దేశ పరిచయం. పీరియడ్ అంటే 45 నిమిషాలు. భాషా భాగం చివర ఏ2 నుంచి బీ1 దాకా స్థాయిని తేల్చే పరీక్ష ఉంటుంది. దేశ పరిచయం చివర 33 ప్రశ్నల పరీక్ష ఉంటుంది, 15 సరిగా రాస్తే కోర్సు పూర్తయినట్టు, 17 రాస్తే పౌరసత్వానికి కూడా పనికొస్తుంది. ఆ ప్రశ్నలన్నీ ముందే ప్రకటించిన జాబితాలోనివి, 300 దేశమంతటికీ ఒకటే, మరో 10 మీరు ఉన్న రాష్ట్రానివి. ఇంటర్మీడియట్‌లో గైడ్లు మింగి వచ్చిన మన పిల్లలకు ఇది రెండు వారాల పని. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి 33కు 33 తెచ్చుకుని, ఆ సాయంత్రమే ఫోన్ చేసి, మూడేళ్లుగా తన ఎదురింటి వాళ్ల పేరు తెలియదని చెప్పాడు. పరీక్షకూ మీ ప్రశ్నకూ ఉన్న దూరం అంత.

అలాగని ఆ కోర్సును తక్కువ చేయను, ఎందుకంటే అది లేని కాలం ఎలా ఉండేదో చరిత్రలో ఉంది. పశ్చిమ జర్మనీ 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకుని కార్మికులను పిలిపించుకుంది, 1973లో ఆ పిలుపు ఆపింది. వచ్చినవాళ్లకు ‘అతిథి కార్మికులు’ అని పేరు పెట్టారు. అతిథిని ముందుగదిలో కూర్చోబెడతాం, వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో చూపించం, ఎప్పుడో ఒకప్పుడు వెళ్లిపోతాడని లోపల అనుకుంటూ ఉంటాం. వాళ్లలో చాలామంది వెళ్లలేదు, పిల్లలను అక్కడే కన్నారు, పెంచారు. అందరికీ ఒక పద్ధతిలో భాష నేర్పాలన్న జాతీయ ఏర్పాటు మాత్రం మొదటి ఒప్పందం తర్వాత 50 ఏళ్లకు గాని రాలేదు. ఈలోగా ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసినా డాక్టరు దగ్గరికి కూతురిని దుబాసీగా తీసుకెళ్లిన తల్లులు ఒక తరం మొత్తం ఉన్నారు. మీకు ఉప్పు డబ్బా చూపిస్తున్నారు. విసుగ్గా, పట్టిక వేసి, హాజరు తీసుకుంటూ చూపిస్తున్నారు, అంతే.

పెద్దల చదువు నుంచి ఏం ఆశించవచ్చో నాకు నెల్లూరు నేర్పింది. జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో మొదలైంది; ఆ తర్వాత జిల్లాల వారీగా సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు మా జిల్లాలో రాత్రి బడికి వచ్చే ఆడవాళ్ల వాచకంలో, సారాతో ఛిద్రమైన ఒక కుటుంబం గురించి పాఠం ఉండేది. దూబగుంటలో ఆ పాఠం చదువుకున్న ఆడవాళ్లు 1992లో ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. ఆ నిప్పు పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లింది. అప్పుడు నేను అదే జిల్లాలో మరో మండలంలో కార్యకర్తను. మా బడుల్లో ఆ ఏడాది అక్షరాలు ఎంతమందికి నిలిచాయని ఇప్పుడు అడిగితే, నిజాయితీగా చెప్పాలంటే చాలామంది సంతకం దగ్గరే ఆగిపోయారు. కానీ సాయంత్రం దీపం చుట్టూ కూర్చోవడం అలవాటైన పాతికమందికి తమలో తాము మాట్లాడుకునే వేళ ఒకటి, చోటు ఒకటి ఏర్పడ్డాయి. పుట్టి పెరిగిన, లేదా కాపురానికి వచ్చి ఇరవై ఏళ్లు బతికిన ఊరు వాళ్లకు ఆ ఏడాదే మొదటిసారి సొంతమైంది. ఎందుకంటే ఊరి సంగతిలో వాళ్ల మాట మొదటిసారి చెల్లింది. పరాయిదేశం పోకుండానే పరాయివాళ్లుగా బతకవచ్చని, దానికి విరుగుడు కూడా ఒకటేనని నాకు అక్కడ అర్థమైంది.

మీ విషయంలో ఇంకొక చిక్కు ఉంది, అది చదువుకున్నవాళ్లకే ఎక్కువగా వచ్చేది. నిన్నటిదాకా అరవైమంది విద్యార్థుల ముందు నిలబడి కంపెనీ ఖాతాలు విప్పి చెప్పిన మనిషి, ఈరోజు ‘నా పేరు ఫలానా, నాకు ఆపిల్ పండు ఇష్టం’ అని ఒక్కొక్క మాట కూడగట్టుకుంటూ చెప్పాలి. పొరపాటు చేస్తే పంతొమ్మిదేళ్ల కుర్రవాడు నవ్వుతాడు. నిరక్షరాస్యులకు నేర్పినప్పుడు ఈ బాధను నేను బయటినుంచి చూశాను, కెనడాలో లోపలినుంచి చూశాను. టొరంటో పక్క ఊళ్లో గ్రంథాలయం వాళ్లు నడిపే సంభాషణ బృందంలో చేరాను; అక్కడి ప్రభుత్వ భాషా తరగతులు స్థిరనివాసం ఉన్నవాళ్లకూ, రక్షణ పొందిన శరణార్థులకూ ఉద్దేశించినవి, సందర్శకులకు కావు. నా ఇంగ్లిషు వ్యాకరణం ఆ బృందంలో అందరికంటే బాగుండేది. అయినా మంచు గురించి, హాకీ గురించి, పక్కింటివాళ్ల కుక్క గురించి ఐదు నిమిషాలు తేలికగా మాట్లాడటం నాకు చేతకాలేదు, ఎందుకంటే హైదరాబాద్‌లో మనం పరిచయం లేనివాళ్లతో అలా మాట్లాడం. ఏ ఊరు, ఎవరి తాలూకు, పిల్లలెంతమంది అని నేరుగా మొదలుపెడతాం, అక్కడ అవి అడగకూడని ప్రశ్నలు. మొదటి నెల నేను ఇంటికి వచ్చి ఏడ్చిన రోజులున్నాయి. రెండో నెలలో ఆ బృందాన్ని నడిపే ఆవిడ, కుర్చీలు వేయడానికి అరగంట ముందు రాగలరా అని అడిగింది. కుర్చీలు వేసే పని నా జీవితంలో అంత గౌరవంగా ఎప్పుడూ తోచలేదు.

దీన్ని పరిశోధకులు కూడా పట్టుకున్నారు. బానీ నార్టన్ కెనడాకు వలస వచ్చిన ఐదుగురు స్త్రీల అనుభవాలను, వాళ్లు రాసుకున్న దినచర్యలతో సహా, దగ్గరగా చూసి 1995లో ఒక మాట చెప్పింది: భాష నేర్చుకునేవాళ్లకు పట్టుదల ఉందా అని అడగడం చాలదు, మాట్లాడే హక్కు వాళ్లకు ఎవరైనా ఇస్తున్నారా, వాళ్లు దాన్ని ఎలా సంపాదించుకుంటున్నారు అని అడగాలి. ఆ ఐదుగురిలో ఒకావిడ ఒక హోటల్లో పనిచేసేది. అక్కడ తోటి పనివాళ్లంతా కుర్రకారు, తాము కబుర్లు చెప్పుకుంటూ పనంతా ఈమె మీద వదిలేసేవాళ్లు. పరాయిదేశపు కూలీగా ఉన్నంతసేపు ఆమెకు నోరు రాలేదు. ఒకరోజు వాళ్లను తన పిల్లల్లాంటివాళ్లుగా చూసుకుని, ఇంట్లో అమ్మ మందలించినట్టు మందలించింది. భాష అదే, తప్పులు అవే, మాట మాత్రం చెల్లింది. మీలో ఇప్పటికే ఉన్న మనిషిని, అంటే పాఠం చెప్పే మనిషిని, లెక్కలు తెలిసిన మనిషిని, ఇంటి బయటే వదిలి తరగతికి వెళ్లకండి.

ఎనిమిదో నెల అన్నారు కనుక ఒక సంగతి చెప్పాలి. ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనం మీద అమెరికా వెళ్లి వచ్చిన నార్వేవాళ్లను లీస్‌గార్డ్ అనే ఆయన పరిశీలించి 1955లో రాసినదాని ప్రకారం, ఆరు నెలలలోపు ఉండి వచ్చినవాళ్లూ, ఏడాదిన్నర దాటి ఉన్నవాళ్లూ బాగానే సర్దుకున్నారు. ఈ రెండింటికీ మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువ అవస్థ పడ్డారు. అందరికీ అదే వంపు వర్తించదని తర్వాతి పరిశోధనలు చూపాయి, దాన్ని శాస్త్రంగా తీసుకోనక్కరలేదు. కానీ కొత్త మోజు తీరి, పాత అలవాట్లు ఇంకా పోని ఈ కాలంలో ‘నేను ఇక్కడికి పనికిరాను’ అనే తీర్పు రాసుకోవద్దని మాత్రం అంటాను.

ఇక ఏం చేయాలి అన్నది. ఇంటిగ్రేషన్ కోర్సు కొనసాగించండి, కానీ అందులో అందరూ వలసవచ్చినవాళ్లే కనుక అక్కడ దొరికే ‘మనం’ ఊరి ‘మనం’ కాదు. అది చిన్నచూపు చూడదగినది కాదని కూడా చెబుతాను. ఉక్రెయిన్, సిరియా, బ్రెజిల్ మనుషులతో విరిగిన జర్మన్‌లో మాట్లాడుకునే ఆ గది, అందరూ తప్పులు మాట్లాడే ఒకే ఒక్క చోటు, కనుక సిగ్గు లేని చోటు. అయితే దానితో పాటు భాషతో సంబంధం లేని ఇంకొక తరగతిలో చేరండి. జర్మనీలో దాదాపు ప్రతి ఊళ్లోనూ ఫోక్స్‌హోఖ్‌షూలే ఉంటుంది, మాటకు మాట చెబితే ప్రజా ఉన్నత పాఠశాల. డెన్మార్క్‌లో గ్రుంట్‌విగ్ అనే మతాచార్యుడి ఆలోచనతో 1844లో రైతుబిడ్డల కోసం మొదలైన బడుల చుట్టరికం దీనిది. జర్మనీ అప్పటి వైమార్ రాజ్యాంగం 1919లోనే వీటిని ప్రోత్సహించాలని ఒక అధికరణంలో పేరుపెట్టి రాసింది. సాయంత్రం పూట కుండలు చేయడం నుంచి పన్నుల లెక్కల దాకా నేర్పుతారు. కుట్టు, వంట, ఫోటోలు, బృందగానం, ఏదైనా సరే, చేతికి పని ఉన్న తరగతి ఎంచుకోండి. చేతులు పనిలో ఉన్నప్పుడు నోటి తప్పులు ఎవరూ లెక్కపెట్టరు, పైగా అక్కడ మీ పక్కన కూర్చునేవాళ్లు ఆ ఊరివాళ్లు.

రెండో మెట్టు సంఘం. జర్మనీ ఫెరైన్‌ల, అంటే సంఘాల దేశం. ఆరు లక్షలకు పైగా రిజిస్టరైన సంఘాలు ఉన్నాయి, ఆటలకు, పాటలకు, తోటలకు, బడిపిల్లల సహాయానికి, దేనికైనా ఒకటి. ప్రతి సంఘానికీ కోశాధికారి కావాలి, ఏడాదికోసారి ఆ లెక్కలు సరిచూసే మనిషి కూడా సాధారణంగా ఉంటారు, ఈ రెండు కుర్చీల కోసం ఎవరూ ఎగబడరు. మీరు కామర్స్ లెక్చరర్. అంకెలకు యాస లేదు. బీ1 దాటాక, ఏడాదిపాటు మామూలు సభ్యురాలిగా కుర్చీలు వేశాక, లెక్కలు చూడటానికి నేను సాయపడగలను అని ఒక మాట అనండి. ఇక్కడ ఒక హెచ్చరిక: మన ఆడవాళ్లను ప్రతి సంఘమూ మొదట అడిగేది సమోసాలు. రెండుసార్లు చేసిపెట్టండి, మూడోసారి నుంచి ఇంకో పని అడగండి. లేకపోతే పదేళ్ల తర్వాత కూడా మీరు ‘సమోసాల ఆవిడ’గానే మిగిలిపోతారు, అది నేను కెనడాలో కళ్లారా చూశాను.

స్టుట్‌గార్ట్‌లో ఉన్నారు కనుక మీ అపార్ట్‌మెంట్‌లో కేర్‌వోఖే ఉండే ఉంటుంది, అంటే వంతులవారీగా ఒక్కో ఇల్లు వారం రోజులు మెట్లు, వాకిలి ఊడ్చే ఆచారం. ఎవరి వంతు వస్తే వాళ్ల తలుపుకు ఒక చిన్న పలక తగిలిస్తారు, వారం తిరిగాక వాళ్లు పక్కింటికి తగిలిస్తారు. మీరు రాసిన దాంట్లో దీని మీద విసుగు కనబడింది, మనుషుల్ని పెట్టి చేయించవచ్చు కదా అని మీవారు అన్నట్టు కూడా రాశారు. నా దగ్గర చదివి అక్కడికి వెళ్లిన ఒక నర్సు ఆ పలకను గుమ్మానికి తగిలించి పోకుండా, ప్రతిసారీ బెల్లు కొట్టి చేతికి ఇచ్చేది. నాలుగు వాక్యాలు ముందే రాసుకుని కంఠతా పట్టి వెళ్లేదట. ఆరునెలల్లో పక్కింటి పెద్దావిడ తనకు ‘జీ’ మానేసి ‘డూ’ అనమని తానే చెప్పింది. మీరు నుంచి నువ్వుకు మారడం ఎంత పెద్ద సంగతో తెలుగువాళ్లకు వివరించనక్కరలేదు. అక్కడ కూడా పెద్దవాళ్లే ఆ మాట ముందు చెప్పాలి, మనంతట మనం దూకకూడదు. ఇంకో మాట, ఆ ప్రాంతంలో మాట్లాడే ష్వాబియన్ యాస మీ పుస్తకంలోని జర్మన్ కాదు. బజారులో మాట అర్థం కాకపోతే మీ చదువు వృథా అయిందనుకోకండి. కోస్తా నుంచి వచ్చిన మనిషి పాలమూరు సంతలో మొదటిరోజు ఎంత తెల్లబోతాడో గుర్తు చేసుకోండి.

మన తెలుగు సంఘాలకు వెళ్లాలా వద్దా అని చివర్లో అడిగారు, వెళ్తే ‘కలవకుండా’ పోతామేమోనని. ఈ భయానికి ఆధారం తక్కువ. హైదరాబాద్‌లో నిజాం పాలన కాలంలో, రాజభాష ఉర్దూ అయిన ఊళ్లో, తెలుగువాళ్లు 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకున్నారు. అక్కడ తెలుగు పుస్తకం చదివినవాళ్లు ఉర్దూ మానలేదు. ఆఫీసులో, అంగట్లో ఉర్దూ మాట్లాడుతూనే, తమ మాటకు ఒక గది ఉందన్న ధైర్యంతో నగరంలో మసిలారు. మాతృభాషలో కాళ్లు నిలదొక్కుకున్నవాళ్లే రెండో భాషలో ధైర్యంగా తప్పులు చేస్తారని నా తరగతుల్లోనూ చూశాను. అయితే వారాంతాలన్నీ తెలుగు ఇళ్లలోనే గడిస్తే కూకట్‌పల్లిని అక్కడికి మోసుకుపోయినట్టే. రెండు వారాలకు ఒక ఆదివారం చాలు.

ఇంతవరకూ భారమంతా మీ మీదే పెట్టినట్టు రాశాను, అది న్యాయం కాదు. మీరు ఎంత చేసినా ట్రాములో పక్క సీటు ఖాళీగా ఉంచేవాళ్లు ఉంటారు, మీ పేరు విని ఇల్లు అద్దెకు ఇవ్వనివాళ్లు ఉంటారు. అది మీ వ్యాకరణ దోషం కాదు, బీ2 పాసైతే పోయేదీ కాదు. ఆహ్వానించే ఊరు కూడా నేర్చుకోవాలి. మన ఊరినే చూడండి. బార్కస్‌లో యెమెన్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల వారసులు తరాలుగా ఉన్నారు, ఆ పేటను ఇప్పుడు హైదరాబాద్ కాదనేవాళ్లు లేరు. అదే మనం, నిజాంపేటలో ఆరేళ్లుగా మన అంట్లు తోముతున్న మనిషిని ఇంకా ‘ఆ ఒడియా ఆవిడ’ అనే పిలుస్తాం. నా తరగతిలో మొదటి పాఠం అక్షరాలు కాదు. బస్తీ దవాఖానాలో నొప్పి ఎక్కడో చెప్పడం, జీతంలో కోత ఎందుకు పడిందని అడగడం, బడిలో పిల్లవాడి టీచరుతో మాట్లాడటం. వాటి తర్వాతే అఆలు. పోయిన వేసవిలో మా గదికి నీళ్ల ట్యాంకరు రాకపోతే, వాళ్లలో ఒకావిడ వార్డు ఆఫీసుకు ఫోన్ చేసి ‘మన గల్లీకి నీళ్లు రాలేదు’ అంది. మిగతా మాటల్లో విభక్తి తప్పింది, లింగం తప్పింది, ‘మన’ తప్పలేదు. నేను దిద్దలేదు.

ఇతర దేశాల్లో ఉండి ఇది చదివేవాళ్ల కోసం క్లుప్తంగా: కెనడాలో స్థిరనివాసులకు కేంద్ర ప్రభుత్వం 1992 నుంచి ఉచిత భాషా తరగతులు నడుపుతోంది. ఆస్ట్రేలియాలో ఇలాంటి పథకం 1948 నుంచి ఉంది, చాలాకాలం ఒక్కొక్కరికి 510 గంటల పరిమితి ఉండేది, 2021లో ఎత్తేశారు. స్వీడన్‌లో స్థానిక సంస్థలు ఉచితంగా నేర్పుతాయి, వాటికి తోడు గురువు లేకుండా పదిమంది కలిసి చదువుకునే అధ్యయన వలయాలు అక్కడి పాత అలవాటు. అమెరికాలో దేశమంతటికీ ఒకే కోర్సు లేదు; గ్రంథాలయాలు, కమ్యూనిటీ కాలేజీలే దిక్కు, హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్య లేదా భర్త వీసా మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చేయలేకపోయినా చదువుకోవచ్చు. ఈ సంగతి చాలామంది ఆడవాళ్లు ఏళ్లు పోగొట్టుకున్నాక తెలుసుకుంటున్నారు.

మీవారికి చెప్పవలసిన మాట ఒకటి మిగిలింది. బ్లూకార్డు, అంటే పెద్ద చదువు ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి, ఉన్నవాళ్లకు మిగతా షరతులు కుదిరితే, ఏ1 స్థాయి జర్మన్‌తో 27 నెలలకు, బీ1 ఉంటే 21 నెలలకు శాశ్వత నివాసం వస్తుంది. కాబట్టి ఆఫీసులో ఇంగ్లిషు చాలినా, ఆరు నెలల తేడా ఆయన కాగితాల్లోనే ఉంది. పౌరసత్వానికి ఇప్పుడు ఐదేళ్ల నివాసం, బీ1 స్థాయి అడుగుతున్నారు. అయితే జర్మనీ రెండు పౌరసత్వాలను ఒప్పుకున్నా భారతదేశం ఒప్పుకోదు, మన పాస్‌పోర్టు వదులుకుని, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డుతో సరిపెట్టుకోవలసి ఉంటుంది, అది తొందరపడి తేల్చుకునేది కాదు. మీ ఎం.కాం. డిగ్రీని అక్కడి చదువుతో పోల్చి చెప్పే ధ్రువపత్రానికి మాత్రం ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, బీ1 వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఆయనను మీతోపాటు సాయంత్రం తరగతికి రమ్మని పోట్లాడవద్దు. కేర్‌వోఖే పలకను ఈసారి పక్కింటికి ఆయన చేత పంపించండి, నాలుగు వాక్యాలు మీరు రాసి ఇవ్వండి.

ఫోక్స్‌హోఖ్‌షూలేలో శరదృతువు తరగతులు మామూలుగా సెప్టెంబరు, అక్టోబరుల్లో మొదలవుతాయి, జాబితా అంతకు ముందే వస్తుంది, కుట్టు, వంట లాంటివి త్వరగా నిండిపోతాయి. జాబితా రాగానే చూడండి. దేంట్లో చేరారో, మొదటి రోజు మీ పక్కన ఎవరు కూర్చున్నారో ఇక్కడే రాయండి.